బాలికలు, నేరములు, మన బాధ్యత

మా పాఠశాల వార్షిక సంచికలో తలిదండ్రుల నిమిత్తము ఏదేని ఒక విషయమును గూర్చి పాఠము వలె వ్రాయుట మాకు పరిపాటి. పరీక్షల ఫలితములను గూర్చియో, మాతృభాషా బోధనమును గూర్చియో వ్రాసిన బాగుండునని కొందరు తలంపవచ్చును. ఈసారి మాత్రము మన యిండ్లలో ఎవరును నోరెత్తి మాటలాడని సంగతిని ఎన్నుకొంటిమి. నేరము చేసినదను అభియోగముతో పట్టుబడి, బాలన్యాయ మండలి యెదుట నిలువవలసి వచ్చిన ఆడపిల్లల సంగతి అది. “మన పిల్లలకు అట్టి గతి ఏల పట్టును?” అని ఈ పుట త్రిప్పివేయవలదని ప్రార్థించుచున్నాము. దీనిని వ్రాయవలసిన అవసరము మాకెట్లు కలిగినదో మొదట మనవి చేసెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచుండిన ఒక బాలిక బడికి వచ్చుట మానెను. హాజరుపట్టీలో ఆమె పేరున కెదురుగా కొన్ని వారములు వరుసగా గైరుహాజరు గుర్తులు పడినవి. తండ్రి పొరుగూరికి పనికి పోయెననియు, పిల్లను బంధువుల యింట నుంచిరనియు ఎవరో చెప్పిరి. మేము అంతటితో తృప్తిపడి, ఎర్రసిరాతో ఆమె పేరును కొట్టివేసితిమి. ఏడాదిన్నర గడచిన పిమ్మట ఆ పిల్ల తల్లి వచ్చి మా గది గుమ్మము కడ నిలువబడి, బిడ్డ వయస్సునకు బడి ధ్రువపత్రము కావలెనని అడిగెను. ఏ నిమిత్తమని ప్రశ్నింపగా చాలసేపు మాటాడలేదు. తుదకు చెప్పిన దేమనగా, పిల్ల ఇంటిపని చేయుచుండిన చోట బంగారపు గొలుసు పోయినది. అది పిల్లయొద్ద దొరికినది. ఇప్పుడామె అబ్జర్వేషన్ హోములో ఉన్నది. వయస్సు నిర్ణయించుటకు బడి ఇచ్చిన పుట్టినతేది పత్రమునే మొదట చూతురని ఎవరో ఆమెకు చెప్పి పంపిరి. ఆ మాట నిజమే. పాత రిజిస్టరు తెరచినపుడు మాకు మొదట కంటబడినది పుట్టినతేది కాదు, ఎర్రగీత. దానిని గీచినది మా చేయియే.

ఆ బాలిక పేరును ఊరును చెప్పము. చెప్పుటకు చట్టము ఒప్పదు, మా మనస్సును ఒప్పదు. కాని ఆనాటి నుండి ఈ విషయమును శ్రద్ధతో చదివితిమి, తెలిసినవారిని అడిగితిమి. మాకు బోధపడిన సారాంశ మిది: ఆడపిల్ల చేసిన నేరము సాధారణముగా కథకు మొదలు కాదు, చివర. అంతకు ముందే ఇల్లో, బడియో, బంధువులో ఆమెకు తలుపు మూసియుందురు. ఆ మూసిన తలుపులను గూర్చియే ఈ వ్యాసము.

౧. రెండు మాటల భేదము

మన దేశమున ఇప్పుడు అమలులోనున్నది 2015వ సంవత్సరపు బాలన్యాయ చట్టము. అది 2016 జనవరి 15వ తేది నుండి అమలునకు వచ్చెను. పదునెనిమిది సంవత్సరములు నిండనివారందరును, ఆడపిల్లలైనను మగపిల్లలైనను, దాని దృష్టిలో బాలలే. ఈ చట్టము బాలలను రెండు తెగలుగా చూచును. మొదటి తెగవారు సంరక్షణ అవసరమైన బాలలు. ఇల్లు లేనివారు, బిచ్చమెత్తుటకు దింపబడినవారు, హింసకు గురియైనవారు, వయస్సు రాకమునుపే పెండ్లి చేయబడు ప్రమాదములో నున్నవారు ఇందులో చేరుదురు. వీరి సంగతి చూచునది బాలల సంక్షేమ సమితి. రెండవ తెగవారు నేరము చేసిరను అభియోగము కలవారు. వీరిని “నేరస్థులు” అని చట్టము పిలువదు, “చట్టముతో విభేదించిన బాలలు” అనును. వీరి సంగతి చూచునది బాలన్యాయ మండలి.

ఈ భేదమును తలిదండ్రులు బాగుగా గుర్తుంచుకొనవలెను. ఇల్లు విడిచి పారిపోయిన పిల్ల నేరము చేసినది కాదు. పెద్దల మాట వినని పిల్లయు, ఎవరితోనో స్నేహము చేసిన పిల్లయు, చీకటిపడిన పిమ్మట ఇల్లు చేరిన పిల్లయు నేరము చేసినవారు కారు. ఆ పనులు మనకు నచ్చకపోవచ్చును, మందలింపదగినవియు కావచ్చును. కాని వానికి శిక్షాస్మృతిలో తావు లేదు. మన ఊరి నోటిలో మాత్రము వీనికిని దొంగతనమునకును భేద ముండదు. “చెడిపోయినది” అను ఒక్కమాటతో అన్నింటిని మూటకట్టుదుము.

మరియొక సంగతి. చట్టమునకు చిక్కిన బాలలలో నూటికి తొంబదిమందికి పైగా మగపిల్లలే. ఆడపిల్లలు మిక్కిలి కొలదిమంది. ఇది సంతోషింపదగిన విషయమే యైనను దీనివలన ఒక కీడు కలుగుచున్నది. కొలదిమందియే కావున వారిని గూర్చి ఆలోచించువారును కొలదిమందియే. ఒక మగపిల్లవాడు తప్పు చేసిన, “వయసు అట్టిది, దారికి వచ్చును” అందురు. ఆడపిల్ల తప్పు చేసిన, ఇక ఆమెకు తిరిగివచ్చు దారియే లేదందురు.

౨. చట్టము నడచివచ్చిన దారి

ఆంగ్లేయుల కాలమున, 1850లో, అప్రెంటిసుల చట్టము వచ్చెను. పదియేండ్లకు పైబడి పదునెనిమిదేండ్లకు లోబడిన బీదపిల్లలకు, చిన్న నేరములు చేసినవారికి పని నేర్పుట దాని యుద్దేశము. తరువాత 1876లోను, 1897లోను రిఫార్మేటరీ పాఠశాలల చట్టములు పుట్టినవి. జైలుకు బదులు పిల్లలను బడివంటి చోట నుంచవలెనను తలంపు మంచిదే. ఇక్కడివారు సీర్తిరుత్తపళ్ళి అని పిలుచు చెంగల్పట్టు రిఫార్మేటరీ అట్లు వెలసినదే. కాని 1897 నాటి చట్టము ప్రకారము “బాల నేరస్థుడు” అనగా పదునైదేండ్లకు లోపలి మగపిల్లవాడు మాత్రమే. ఆడపిల్ల ప్రసక్తియే అందు లేదు. ఆమెకు బడి కూడ అక్కరలేదని ఆనాటి పెద్దలు తలచిరి కాబోలు.

ఆ లోపము తీరుటకు ఇరువదేండ్లకు పైగా పట్టెను. 1919-20 నాటి జైళ్ళ సంఘము పిల్లలను పెద్దల జైళ్ళలో ఉంచరాదనియు, వారికి వేరుగా న్యాయస్థానము లుండవలెననియు సూచించెను. ఆ 1920లోనే మద్రాసు బాలల చట్టము దేశములో మొదటిదిగా వచ్చెను. బెంగాలు 1922లోను, బొంబాయి 1924లోను దాని ననుసరించినవి. అప్పటికి తెలుగు జిల్లాలును అరవ జిల్లాలును ఒకే రాజధాని క్రింద నుండెను. కావున ఆ చట్టము మన రెండు భాషలవారికిని ఉమ్మడి సొత్తు.

స్వాతంత్ర్యానంతరము 1960లో కేంద్రపాలిత ప్రాంతములకు బాలల చట్టమును, 1986లో జమ్మూ కాశ్మీరు దక్క దేశమంతటికిని బాలన్యాయ చట్టమును చేసిరి. ఈ రెంటిలోను మగపిల్లవానికి పదునారేండ్లు, ఆడపిల్లకు పదునెనిమిదేండ్లు హద్దుగా పెట్టిరి. ఆడపిల్లకు రెండేండ్లు ఎక్కువ రక్షణ లభించుట మేలువలె తోచును. కాని రక్షణ యనుపేరున ఆమెను గృహములో నుంచుటకును అంతకాలము ఎక్కువగా అవకాశము కలిగెను. భారతదేశము 1992లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికకు చేరిన తరువాత, 2000వ సంవత్సరపు చట్టము ఇద్దరికిని పదునెనిమిదేండ్ల హద్దునే నిర్ణయించెను. 2015వ సంవత్సరపు చట్టము ఆ హద్దును నిలిపినది. అయితే పదునారేండ్లు నిండి ఘోరనేరము చేసిరను అభియోగము కలవారిని, ముందుగా మండలి పరీక్షించిన పిమ్మట, పెద్దలవలె విచారించుటకు వీలు కల్పించినది.

౩. రెండు కొలబద్దలు

ఆడపిల్లకు వేరు కొలబద్ద పెట్టుట మన దేశమున మాత్రమే కాదు. పిల్లలకు ప్రత్యేక న్యాయస్థానమును మొట్టమొదట, 1899లో, స్థాపించిన నగరము అమెరికాలోని చికాగో. ఆ దేశపు బాలల న్యాయస్థానములలో మగపిల్లలను దొంగతనమునకును కొట్లాటకును తెచ్చుచుండగా, ఆడపిల్లలను మాట విననందుకు, ఇల్లు విడిచినందుకు, నడవడి బాగుగా లేదన్నందుకు తెచ్చుచుండిరి. పెద్దలు చేసిన నేరము కాని పనికి పిల్లలను నిర్బంధింపరాదని 1974లో అక్కడ సమాఖ్య చట్టము వచ్చెను. మెడా చెస్నీ-లిండ్ అను విదుషీమణి 1989లో ప్రకటించిన వ్యాసములో ఒక ముఖ్యవిషయమును వెల్లడించెను. ఇంట హింసకు గురియైన బాలిక పారిపోవును, పారిపోయినందుకు పట్టుబడును, మరల ఆ యింటికే పంపబడును, మరల పారిపోయి, వీధిలో బ్రతుకుటకై దొంగతనమునకో అంతకంటె హీనమైన స్థితికో దిగజారును. అనగా ఆమె ప్రాణరక్షణకై చేసిన పనికే ఆమెను దోషిగా నిలిపిరి.

మన చట్టము పారిపోవుటను నేరముగా నెంచలేదని పైని చెప్పితిమి. ఐనను మన యిండ్లలోని తీర్పు చికాగో తీర్పు కంటె వేరుగా నున్నదా? పారిపోయిన పిల్ల దొరికిన వెంటనే మనము అడుగు ప్రశ్న “ఎవరితో పోయితివి?” అనునదే. “ఎందువలన పోయితివి?” అని అడుగువారు అరుదు. మొదటి ప్రశ్న పరువును గూర్చినది, రెండవది పిల్లను గూర్చినది.

౪. కారణములు

ఆడపిల్లలు నేరములలో చిక్కుకొనుటకు గల కారణములను విడివిడిగా చెప్పుచున్నను, అవి బ్రతుకులో ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును.

మొదటిది ఇంటిలోని హింస. కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో ప్రకటించిన బాలలపై అత్యాచారముల అధ్యయనము 13 రాష్ట్రములలో 12,447 మంది బాలలను ప్రశ్నించి చేసినది. అందులో ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలకు గురియైనవారే. సగమునకు పైగా పిల్లలు, ఆడ మగ భేదము లేక, ఏదో యొక విధమైన లైంగిక దుశ్చర్యకు గురియైనట్లు చెప్పిరి. అట్టి పనులు చేసినవారిలో సగముమంది పిల్లలకు తెలిసినవారు, వారు నమ్మినవారు. హింస ఎక్కువగా కనబడిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగువారమైన మనము తల వంచుకొని చదువవలసిన వాక్యమిది. చెప్పుకొనుటకు చోటు లేని పిల్ల పారిపోవును, లేదా లోలోన కుమిలి ఒకనాడు ఎవరిమీదనో చేయి చేసికొనును.

రెండవది చదువు ఆగిపోవుట. విద్యాహక్కు చట్టము, 2009, ఆరేండ్ల నుండి పదునాలుగేండ్ల వరకే హామీ ఇచ్చుచున్నది. ఎనిమిదవ తరగతి దాటిన పిమ్మట పిల్ల పేరు ఏ పట్టీలో నున్నదో చూచువారుండరు. బడిలో నున్న పిల్లను దినమునకు ఒకసారియైనను ఒక ఉపాధ్యాయుడు చూచును; ముఖము వాడియున్న అడుగును. బడి మానిన పిల్లను చూచుటకు అట్టి కన్ను ఒక్కటియు మిగులదు.

మూడవది లేమి, దానివలన చిన్ననాటనే పరుల యింట పనికి కుదురుట. ఇంటిపనికి కుదిరిన బాలిక ఆ యింటిలో నోరులేనిది. వస్తువు కనబడనిచో మొదటి అనుమానము ఆమెమీదనే. ఆమె నిజముగా తీసికొన్నను, ఎందుకు తీసికొన్నదో అడుగువారుండరు. పైని చెప్పిన బాలిక సంగతిలో మాకు తరువాత తెలిసిన దేమనగా, ఆ యింటికి వచ్చిపోవు ఒక పెద్దమనిషి ప్రవర్తన భరింపలేక, తల్లి యున్న ఊరికి బస్సుచార్జీ కొరకు ఆ పిల్ల గొలుసు తీసెను. అది తప్పు కాదని మేమనము. కాని ఆ తప్పునకు ముందు ఎందరి తప్పులున్నవో లెక్కించిన, వానిలో మా యెర్రగీతయు చేరును.

నాల్గవది పిల్లలను పనిముట్లుగా వాడు పెద్దలు. ఆడపిల్లను పోలీసులు అంతగా అనుమానింపరని తలచి, సారాయో గంజాయియో మోయుటకు, దుకాణములో చేతివాటమునకు వారిని వాడువారు కలరు. ఆ పెద్దవాడు తరచుగా బంధువో, ప్రేమ నటించినవాడో యై యుండును. మత్తుపదార్థములను మోయుటకు పిల్లలను నియోగించినవానికి ఏడేండ్ల వరకు కఠినశిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు చట్టము విధించుచున్నది. కావున అట్టి కేసులలో పిల్ల చేతిలోని మూటను మాత్రమే చూడక, మూట ఇచ్చిన చేతిని చూపుమని తలిదండ్రులు పట్టుబట్టవలెను.

ఐదవది బాల్యవివాహపు భయము, దాని జంటయైన ప్రేమ పలాయనము. 2006వ సంవత్సరపు చట్టము పదునెనిమిదేండ్లు నిండని ఆడపిల్లకు పెండ్లిని నిషేధించినది. ఇష్టము లేని పెండ్లి తప్పించుకొనుటకు పిల్ల ఎవరి చేయియో పట్టుకొని పోవును. పోక్సో చట్టము, 2012, ప్రకారము పదునెనిమిదేండ్లకు లోబడిన పిల్ల సమ్మతికి విలువ లేదు. పిల్లవాడు ముద్దాయి యగును, ఆడపిల్ల గృహమునకు పంపబడును. నేరము చేయకపోయినను ఆమె గోడల నడుమ నుండవలసి వచ్చును.

ఆరవది ఈ కాలమునకు చెందినది. చేతిఫోనులో పంపిన ఒక ఛాయాచిత్రమును పట్టుకొని, డబ్బు తెమ్మని పిల్లలను బెదరించు దుర్మార్గులు కలరు. భయపడిన పిల్ల ముందు తన జేబుఖర్చు ఇచ్చును, తరువాత తల్లి నగకు చేయి పెట్టును. ఆ నగ పోయిన దినమున ఇంట జరుగు విచారణలో, “నీకు ఎవరివలన భయము?” అను ఒక్క ప్రశ్న అడుగగలిగిన తల్లి బిడ్డను దక్కించుకొనును.

౫. భాష కాని భాషలో

పరభాషా ప్రాంతమున స్థిరపడిన మనకు మరికొన్ని చిక్కులు కలవు. తెలుగు మాధ్యమపు తరగతులు ఒక మెట్టున ఆగిపోయినపుడు, పై తరగతి దూరపు బడిలో, వేరు భాషలో చదువవలసి వచ్చును. మగపిల్లవానికి సైకిలు కొనియిత్తుము. ఆడపిల్లను, “ఇంతవరకు చదివినది చాలు” అని ఇంట నుంచుదుము. చదువు ఆగుటయే మొదటి మెట్టని పైని చూచితిమి గదా.

ఇంట తెలుగే మాటాడు పిల్లకు, బజారులో నేర్చిన తమిళముగాని, కన్నడముగాని, ఒడియాగాని బేరమాడుటకు చాలును. న్యాయాధికారి యెదుట మనసులోని మాట చెప్పుటకు చాలదు. అడిగినది అర్థముకాక తల ఊపిన, ఆ ఊపు ఒప్పుకోలుగా వ్రాసికొనబడవచ్చును. ఇందునకు చట్టములోనే మందు కలదు. విచారణ జరుగు భాష పిల్లకు తెలియనిచో దుబాసిని ఏర్పాటు చేయుట బాలన్యాయ మండలి విధులలో నొకటి. ఇది దయ కాదు, పిల్లకు గల హక్కు. మన భాషా సంఘములు కవిసమ్మేళనములతో పాటు ఈ హక్కును గూర్చియు ప్రచారము చేసిన ఎంతో మేలు. ప్రతి పట్టణమున రెండు భాషలును చక్కగా వచ్చిన ఒకరిద్దరు స్త్రీలు ఈ సేవకు ముందుకు వచ్చిన, అది భాషాసేవయే యగును.

౬. పిల్ల పట్టుబడినచో

ఎవరి యింటనైనను అట్టి దినము వచ్చినచో తెలిసియుండవలసిన సంగతులివి.

పిల్లను లాకప్పులోగాని జైలులోగాని ఉంచరాదు. చేతికి బేడీలు వేయరాదు. ప్రయాణకాలము మినహా ఇరువదినాలుగు గంటలలో మండలి యెదుట హాజరుపరచవలెను. తలిదండ్రులకు కబురు చేయవలెను. మండలిలో ఒక న్యాయాధికారియు, ఇద్దరు సంఘసేవకులును ఉందురు. ఆ సేవకులలో ఒకరైనను స్త్రీ కావలెను. స్త్రీలకును బాలలకును, ఆదాయముతో నిమిత్తము లేక, ఉచిత న్యాయసహాయము పొందుటకు 1987 నాటి న్యాయసేవల చట్టము హక్కు నిచ్చినది. జిల్లా న్యాయసేవా సంస్థలో అడుగవచ్చును.

ప్రొబేషను అధికారి పిల్ల యింటి పరిస్థితులను విచారించి రెండు వారములలో నివేదిక ఇచ్చును. ఈ నివేదిక మిక్కిలి ముఖ్యమైనది. అధికారి వచ్చినపుడు కొందరు తలిదండ్రులు పరువు పోవునని ఇంటి సంగతులు దాచుదురు. దాచిన సంగతియే పిల్లకు ఆధారము కావచ్చును. ఆ అధికారితో నిజము చెప్పవలెను.

పిల్లను జామీనుపై విడుచుటయే సాధారణ నియమము. చెడుసహవాసములో పడునని గాని, ఆమెకు నైతికమైన లేక శారీరకమైన, మానసికమైన అపాయము కలుగునని గాని, న్యాయమునకు భంగము వాటిల్లునని గాని నమ్ముటకు హేతువున్నపుడే నిరాకరింతురు. “నైతిక అపాయము” అను మాట ఆడపిల్ల విషయమున ఎక్కువ బరువు తూగుట సహజము. ఆ బరువును తగ్గింపగలవారు తలిదండ్రులే. తల్లియో తండ్రియో వచ్చి, “మా బిడ్డను మేము చూచుకొందుము” అని నిలిచినపుడు మండలికి ధైర్యము కలుగును. ఎవరును రానిచో పిల్లను విడుచుట ఎవరి చేతికి? చట్టము తెరచిన తలుపును మనమే మూసినవార మగుదుము.

విచారణానంతరము తప్పు రుజువైనను మండలి చేయగలవి పెక్కు కలవు. మందలించి పంపవచ్చును, సమాజసేవ చేయింపవచ్చును, ప్రొబేషనుపై తలిదండ్రులకు అప్పగింపవచ్చును. ప్రత్యేక గృహమునకు పంపినను మూడేండ్లకు మించరాదు. గృహమున నుంచుట చివరి మార్గము కావలెనని చట్టము యొక్క మూలసూత్రములలో ఒకటి. పిల్ల పేరును, ఛాయాచిత్రమును, బడిని పత్రికలలో ప్రకటించుట శిక్షార్హము. పెద్దలవలె విచారింపబడిన పదునారేండ్లు నిండినవారికి దక్క, తక్కినవారికి ఆ తీర్పువలన ముందు జీవితమున ఏ అనర్హతయు అంటదు. అనగా చట్టము మచ్చను తుడిచివేయును. ఊరే దానిని మరల మరల దిద్దును.

౭. ఇల్లు, బడి చేయవలసినవి

తలిదండ్రులకు మా విన్నపములు కొన్ని గలవు. పిల్ల చదువు ఆపదలచినచో ముందు మాతో ఒక్కమారు మాటాడుడు. పిల్లను బంధువుల యింటగాని పనిలోగాని ఉంచినచో నెలకొకసారి పోయి, ఆ యింటివారు లేనిచోట ఆమెతో ఒంటరిగా మాటాడుడు. పిల్ల ఎవరినైనను గూర్చి, “వారున్నచోటికి నేను పోను” అన్నచో, ఆ మనిషి ఎంత దగ్గరివాడైనను, ముందు పిల్ల మాటను నమ్ముడు. ఇంట చెప్పుకొనలేని పిల్లకు 1098 అను ఉచిత ఫోను సంఖ్యను నేర్పుడు. అది అపాయములో నున్న బాలల కొరకే ఏర్పడినది.

చదువు మధ్యలో ఆగిన ఆడవారికి రెండవ అవకాశ మిచ్చుట మనవారికి క్రొత్త కాదు. ఎనిమిదేండ్ల ప్రాయమున పెండ్లియై, పెద్దయైన పిమ్మట ఆ బంధమును కాదని, తన చదువును తానే సాధించుకొన్న దుర్గాబాయి దేశముఖ్ గారు మద్రాసు నగరమున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, బడి మానిన స్త్రీలను మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపరచిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. పరభాషా ప్రాంతమున నున్న తెలుగు సంఘము ఏమి చేయగలదో అది చూపినది. నేడు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పదవ తరగతి పరీక్షను తెలుగు మాధ్యమమునందును నడుపుచున్నది. ఏ రాష్ట్రమున నున్నను, పదునాలుగేండ్లు నిండిన పిల్ల దానికి చేరవచ్చును.

ఇక మా సంగతి. ఏ బాలికయైనను మూడు దినములు వరుసగా రానిచో నాల్గవ దినమున ఒక ఉపాధ్యాయిని ఆమె యింటికి పోవలెనని మా పాఠశాలలో ఏర్పాటు చేసికొంటిమి. పేరు కొట్టివేయుటకు ముందు ప్రధానోపాధ్యాయుడు స్వయముగా తల్లితోను పిల్లతోను మాటాడవలెనని నియమము పెట్టుకొంటిమి. ఇది గొప్పగా చెప్పుకొనదగినది కాదు. ఎన్నడో చేయవలసినది ఆలస్యముగా చేసితిమి.

ఆ బాలిక ఏమైనదని మీరడుగవచ్చును. ఆమెను ఇంటికి తేవలదని బంధువులు చెప్పిరి. చెల్లెలికి సంబంధములు రావనిరి. తల్లి వినలేదు. బడి ఇచ్చిన పత్రమును కొంగున ముడివేసికొని మండలికి పోయి, పిల్లను జామీనుపై వెంటబెట్టుకొని వచ్చెను. తరువాత ఆ పిల్ల ప్రైవేటుగా పదవ తరగతి ప్యాసయ్యెను. ఇప్పుడు తన కాళ్ళపై తాను నిలిచియున్నది. ఇంతకంటె చెప్పుట ఆమెకు మేలు కాదు.

పాత రిజిస్టరులోని ఆ యెర్రగీత నేటికిని అట్లే యున్నది. రిజిస్టరులో దిద్దుబాటు చేయరాదు గనుక దానిని చెరపలేదు. క్రొత్తగా చేరిన ఉపాధ్యాయులకు మొదటి దినమున ఆ పుటను చూపుచున్నాము. మన పిల్లలలో ఎవరి పేరుమీదను అట్టి గీత మరల పడకుండ చూచుట మాయొక్క చేతిలోను, మీయొక్క చేతిలోను సమముగా నున్నది. మీ సహాయమును కోరుచున్నాము.